మా ఇంట్లో రెండు మణికట్లు

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పొద్దున్న లేస్తే ఒకటే మాట. మణికట్టు. కాఫీ గ్లాసు అందుకుంటూ మణికట్టు, పేపరు మడత పెడుతూ మణికట్టు. "చూశావా, ఇదిగో, నా ఎడమ మణికట్టు మళ్ళీ వెనక్కి విరిగింది" అంటారు మా వారు, గ్లాసు పట్టుకున్న చేతిని గాల్లో అలాగే ఆపి. కాఫీ చల్లారిపోతుంది గానీ ఆ చెయ్యి కిందికి దిగదు.

ఆయన స్టీల్ ప్లాంట్‌లో, వైర్ రాడ్ మిల్లులో ముప్ఫై మూడేళ్లు చేసి పోయినేడాది రిటైరయ్యారు. రిటైరయ్యాక ఏం చేస్తారో అని నాకు లోలోపల బెంగగానే ఉండేది. మా వీధిలో ఒకావిడ చెప్పారు, వాళ్ళాయన ఇంట్లో కూర్చున్న మొదటి వారంలోనే పోపుల డబ్బా తీసి ఆవాలకీ జీలకర్రకీ స్టిక్కర్లు అంటించేశారట. నా వంటింటికి ఆ గతి పట్టకుండా చూడు అప్పన్నా అని సింహాచలం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. స్వామి విన్నాడు. ఈయనకి గోల్ఫ్ పిచ్చి పట్టించాడు.

ఒక పాత స్నేహితుడు తనకి పనికిరాని క్లబ్బుల సంచీ ఒకటి తెచ్చి మా హాల్లో పెట్టాడు. ఆయనకి ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో సభ్యత్వం ఉంది. ఆదివారాలు ఈయన్ని అతిథిగా తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. హనుమంతవాక జంక్షన్ దగ్గర లోపలికి తిరిగి ఆరిలోవ మీదుగా వెళ్తే ముడసర్లోవ. ఒక పక్క రిజర్వాయరు, నీళ్ళ మీద తేలే సోలార్ పలకలు, చుట్టూ కొండలు, మధ్యలో అంత పచ్చదనం. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఆ గేటు లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళాక తెలిసింది, నన్ను తీసుకెళ్ళింది గాలి కోసం కాదు, ఫోన్ పట్టుకుని వీడియో తియ్యడం కోసం అని.

అలా నేను కెమెరామన్‌నయ్యాను. ఆయన బంతి కొట్టడం, నేను స్లో మోషన్‌లో తియ్యడం, ఇంటికొచ్చి ఆయన దాన్ని ముందుకీ వెనక్కీ లాగి చూడటం. మొదట్లో నాకేం అర్థమయ్యేది కాదు. బంతి ఒకసారి నేల మీద పాక్కుంటూ పోయేది. ఇంకోసారి బంతి కదలకుండా దాని వెనక మట్టి మాత్రం ఎగిరేది. ఎప్పుడైనా లేచినా కుడిపక్కకి, చెట్లలోకి. అక్కడ నేర్పే కుర్రాడు ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. "సార్, మీరు బంతిని లేపుతున్నారు. లేపకండి. క్లబ్బే లేపుతుంది."

ఇది నాకు విచిత్రంగా తోచింది. కింద ఉన్నది పైకి వెళ్ళాలంటే లేపకుండా ఎలా? ఆ అబ్బాయి క్లబ్బు తల చూపించాడు. దాని పేరు సెవెన్ ఐరన్. ముఖం నిటారుగా ఉండదు, దాదాపు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు ఎందుకుంది? బంతిని ఎగరెయ్యడానికే. మనిషి చెయ్యాల్సిందల్లా ముందు బంతిని తాకి, ఆ తర్వాత గడ్డిని తాకేలా క్లబ్బుని కిందికి దింపడమే. ఆ వాలుని నమ్మనివాడు చివరి క్షణంలో మణికట్టు తిప్పి తానే ఎత్తబోతాడు. అప్పుడు ఎడమ మణికట్టు వెనక్కి విరుగుతుంది, క్లబ్బు తల చేతుల్ని దాటి ముందుకు పోతుంది. అయితే ముందే మట్టి తగులుతుంది, లేకపోతే బంతి నెత్తి మీద తగులుతుంది.

నేను ఇంటికొస్తూ కార్లో ఆలోచించాను. ఇది అచ్చం అట్టు తిరగేసే పని కదా! అట్లకాడ కిందికి దూర్చి, మణికట్టుతో ఒక్క ఎత్తు ఎత్తి పడేస్తాం. అట్టుకి అది కావాలి. బంతికి వద్దు. "మీరు బంతిని అట్టులా తిరగేస్తున్నారండీ" అన్నాను. ఆయన బ్రేకు వేసినంత పని చేసి, "సరిగ్గా పట్టుకున్నావు" అన్నారు. జన్మలో ఒక్క అట్టు తిరగెయ్యని మనిషికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత ఈ మణికట్టు శాస్త్రం నాకూ కొంచెం ఎక్కింది. మీకూ చెప్తాను, మనకి తెలిసిన పనులతోనే. మన చెయ్యి ఆ చోట మూడు రకాలుగా కదులుతుంది. ఒకటి, అరచేతి వైపుకీ వెనక వైపుకీ వంగడం. చపాతీ పిండి మీద అరచెయ్యి ఆనించి నొక్కేటప్పుడు వెనక్కి వంగుతుంది చూడండి, అది. రెండోది, బొటనవేలి వైపుకీ చిటికెన వేలి వైపుకీ ఊగడం. సుత్తితో మేకు కొట్టేటప్పుడు, కత్తిపీట లేని రోజుల్లో కత్తితో కొబ్బరికాయ కొట్టేటప్పుడు చేసేది. మూడోది తిప్పడం. తాళం చెవి తిప్పినా, పచ్చడి సీసా మూత తిప్పినా, కవ్వం ఆడించినా అదే. ఈ మూడోది అసలు మణికట్టు పని కాదట. బళ్ళో చదువుకున్నాం గుర్తుందా, రత్ని, అరత్ని అని ముంజేతిలో రెండు ఎముకలు. వాటిలో ఒకటి రెండోదాని చుట్టూ తిరిగితే చెయ్యి బోర్లా, వెల్లకిలా పడుతుంది.

గోల్ఫ్ దెబ్బలో ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి జరుగుతాయి. క్లబ్బు పైకి ఎత్తినప్పుడు మణికట్లు బొటనవేలి వైపు ముడుచుకుంటాయి. దింపేటప్పుడు సుత్తి దింపినట్టు చిటికెన వేలి వైపుకి విప్పుకుంటాయి. అదే సమయంలో ముంజేతులు తిరిగి, వాలుగా తెరుచుకున్న క్లబ్బు ముఖాన్ని బంతి వైపుకి తెస్తాయి. బంతి తగిలే వేళకి కుడిచేతివాటం మనిషికి ఎడమ మణికట్టు తిన్నగా ఉండాలి, కుడి మణికట్టు ఇంకా వెనక్కి వంగే ఉండాలి, రెండు చేతులూ బంతి కన్నా కొంచెం ముందుండాలి. ఎడమ మణికట్టు వెనక్కి విరిగిందా, క్లబ్బు ముఖం తెరుచుకుంటుంది. బంతి ఎక్కువగా ఆ ముఖం ఎటు చూస్తే అటే బయలుదేరుతుంది. మా వారి బంతులన్నీ చెట్లలోకి ఎందుకు పోయేవో అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. ఇవన్నీ కావాలని చేతులతో చెయ్యబోతే చెడిపోతాయట. చాకిరేవులో బట్ట ఉతికేవాళ్ళని చూశారా? నడుము తిరుగుతుంది, భుజాలు వస్తాయి, చేతులు వస్తాయి, చిట్టచివర బట్ట కొస వచ్చి బండ మీద ఛెళ్ళుమంటుంది. మణికట్టుని ఎవరూ బలవంతంగా విదిలించరు, వదులుగా ఉంచితే అదే వస్తుంది. గోల్ఫ్ కూడా అంతే. నడుము ముందు తిరగాలి, క్లబ్బు ఆఖర్న రావాలి. నడుము ఆగిపోతే చేతులు కంగారుపడి ఆ పని తామే చేసేస్తాయి. అదీ అసలు జబ్బు.

ఆ కంగారు పోవడానికి ఆయన డాబా మీద ఒక సాధన మొదలుపెట్టారు. వాచీ పట్టీ కింద, చేతి వెనక భాగం మీద పడేలా నా చెక్క గరిటె దూర్చుకుని మెల్లగా ఊపడం. మణికట్టు వెనక్కి విరిగితే గరిటె గుచ్చుకుంటుంది. ఉప్మా కలిపే గరిటె అది. "అది లేకపోతే నేనెలా కలపను?" అంటే, "ఇనుపది ఉందిగా" అన్నారు. ఆ ఇనుప గరిటె బరువెంతో ఆయనకి తెలియదు. నా చేతికి తెలుసు. అప్పటికి నాకు కుడి మణికట్టు నొప్పి మొదలై నెల్లాళ్ళు దాటింది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయి పురిటికి వచ్చింది. మనవడు పుట్టాడు, వాడికి అప్పటికి మూడో నెల. స్నానం పొయ్యడం, చంకల కింద చేతులు వేసి ఎత్తడం, నా భుజాన వేసుకుని తిప్పడం, రోజుకి పదిసార్లు గుడ్డలు పిండటం, ఇవి కాక ఇంటి పని ఎలాగూ ఉంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన సన్నగా మొదలైంది నొప్పి. తర్వాత కుక్కర్ మూత తిప్పబోతే కరెంటు కొట్టినట్టుండేది. పిల్ల బాలింత, దానికి చెప్తే బెంగ పెట్టుకుని హైదరాబాదు తొందరగా వెళ్ళిపోతానంటుంది. ఈయనకి చెప్పొచ్చు. కానీ ఆయన మణికట్టు కథ వినడానికే టైము సరిపోయేది.

ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఆయన ఫోన్లో ఆ రోజు వీడియో చూస్తున్నారు. మా ఫోన్ సెకనుకి 240 బొమ్మలు తీస్తుంది. అయినా బంతికి క్లబ్బు తగిలే క్షణం దొరకదు. ఒక బొమ్మలో క్లబ్బు బంతి వెనక ఉంటుంది, తర్వాతి బొమ్మలో బంతి వెళ్ళిపోయి ఉంటుంది. "తగలడం అనేది సెకనులో రెండువేలో వంతే. అది రెండు బొమ్మల మధ్య జారిపోతుంది" అని చెప్పారు. నీ చేతికి దెబ్బ తెలిసేలోపే బంతి వెళ్ళిపోతుందట. ఆ క్షణంలో సరిదిద్దుకోవడం అంటూ ఉండదు, ముందు నుంచీ ఎలా వచ్చావో అదే తగులుతుంది.

తర్వాత బెన్ హోగన్ కథ చెప్పారు. అమెరికాలో పెద్ద ఆటగాడు. 1957లో ఆయన రాసిన పాఠాల పుస్తకంలో, బంతి తగిలే వేళకి ఎడమ మణికట్టు ఎముక లక్ష్యం వైపు ఉబ్బి ఉండాలని చెప్పాడట. కానీ నాకు నచ్చింది ఇంకో సంగతి. 1949 ఫిబ్రవరిలో టెక్సస్‌లో పొగమంచులో కారు నడుపుతుంటే ఎదురుగా బస్సు వచ్చి గుద్దింది. పక్కన భార్య వాలెరీ ఉంది. ఆమెకి దెబ్బ తగలకూడదని ఈయన ఒక్క ఉదుటున ఆమె మీదికి అడ్డం పడ్డాడు. స్టీరింగ్ కమ్మీ వచ్చి ఆయన కూర్చున్న సీటులోంచి దూసుకుపోయింది. అలా అడ్డం పడటం వల్లే ఆయనా బతికాడు. ఎముకలు విరిగి, మళ్ళీ నడవడమే కష్టమన్న మనిషి 1950 జూన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు.

"చూశారా, పక్కన కూర్చున్న పెళ్ళాన్ని చూసుకున్నాడు కాబట్టే బతికాడు" అన్నాను నవ్వుతూ. ఆయనా నవ్వారు. నవ్వుతూనే, "ఇలా రా, ఆ విప్పుకోవడం ఎలా ఉంటుందో నీకు చూపిస్తా" అని నా కుడిచేతికి అట్లకాడ ఇచ్చి, పిడికిలి మీద తన చెయ్యి వేసి, సుత్తి దించినట్టు చిటికెన వేలి వైపుకి ఒక్క దింపు దింపారు.

నేను పెట్టిన కేకకి మనవడు ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. అట్లకాడ కింద పడింది. అమ్మాయి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన నా చెయ్యి వదలకుండా అలాగే నిలబడిపోయారు.

"ఎప్పటి నుంచి?" అన్నారు చివరికి.

"సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి."

"చెప్పలేదేం?"

ఆ ప్రశ్నకి నాకు కోపం రాలేదంటే అబద్ధం. "మీ మణికట్టు వెనక్కి విరుగుతోందని నాకు మీరు చెప్పారా? నేను చూశాను. చూసి చెప్పాను" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆయనా అనలేదు. ఆ రాత్రి మనవణ్ణి ఆయనే భుజాన వేసుకుని డాబా మీద తిప్పారు. చాలాసేపు దిగి రాలేదు.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టమని, మెల్లగా చిటికెన వేలి వైపుకి వంచింది. మళ్ళీ ప్రాణం పోయింది. దీన్ని డి క్వెర్వేన్ అంటారట, 1895లో దీని గురించి రాసిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరు అది. బొటనవేలిని కదిపే రెండు టెండన్లు మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి వెళ్తాయి. ఆ గొట్టం మందమెక్కితే ప్రతి కదలికకీ ఒరుసుకుంటాయి. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుందట. అందులోనూ పసిపిల్లల్ని ఎత్తేవాళ్ళకి. బొటనవేళ్ళు చాచి చంకల కింద వేసి ఎత్తుతాం కదా, అదే.

ఈయన అడిగారు, "గోల్ఫ్ ఆడేవాళ్ళకీ వస్తుందా డాక్టర్?" వస్తుందని చెప్పింది ఆవిడ. ఎత్తేటప్పుడు బొటనవేలి వైపు ముడవడం, దింపేటప్పుడు చిటికెన వేలి వైపుకి విప్పడం, ఆ జోరులో అక్కడే ఒరుసుకుంటుందట. ఆయన తల వంచుకుని విన్నారు. ఆర్నెల్లుగా తను నేర్చుకుంటున్న కదలిక, నేను అంత కాలంగా నొప్పితో చేస్తున్న కదలిక ఒకటే. ఆయన రోజుకి యాభై సార్లు చేసి నాకు చూపించారు. నేను రోజుకి ఎన్నిసార్లు చేశానో నేనూ లెక్కపెట్టుకోలేదు.

బొటనవేలు కదలకుండా పట్టీ వేశారు. బిడ్డని ఎలా ఎత్తాలో కూడా డాక్టరమ్మ నేర్పింది. బొటనవేళ్ళు చాచకుండా, అరచేతులు వెల్లకిలా పెట్టి, కింద నుంచి ముంజేతుల మీదికి తీసుకోవాలి. బయటికొచ్చాక ఈయన అన్నారు, "అంటే బంతిని లేపకూడదు, మనవణ్ణి మాత్రం కింద నుంచే లేపాలన్నమాట." నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచీ బిగబట్టిన కోపం అక్కడ కొంచెం వదులైంది. పూర్తిగా కాదు.

పట్టీ ఉన్నన్నాళ్ళు గుడ్డలు పిండే పని ఆయనది. మొదటి దుప్పటి పిండాక ముంజేతులు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయారు. "ఇది రోజూ చేశావా?" అన్నారు. వాషింగ్ మెషీన్ ఉంది, అయినా పసివాడి గుడ్డలు చేత్తోనే ఉతకాలని పట్టుబట్టిందాన్ని నేనే. అది నా తప్పే, ఒప్పుకున్నాను. చెప్పకుండా ఓర్చుకోవడం కూడా నా తప్పే. ఓర్పు అనుకుంటాం గానీ అందులో కొంచెం పంతం కూడా ఉంటుంది, చూద్దాం ఎప్పటికి గమనిస్తారో అని. నడుము ఆగిపోతే మణికట్టు భారం మోస్తుందన్నారు కదా. ఇంట్లో కూడా ఒకరు ఆగిపోతే ఇంకొకరి చేతి మీద పడుతుంది. ఆ ఆగినవాళ్ళకి ఆగామని తెలియదు, మోసేవాళ్ళు చెప్పరు.

అట్లు కూడా వేశారు. మొదటి రెండూ అట్లకాడకి చుట్టుకుపోయాయి. "మణికట్టు తిప్పండి, లేపండి" అని నేను ఎడంచేత్తో చూపిస్తుంటే, "ఇప్పుడు లేపమంటావు!" అని విసుక్కున్నారు. మూడోది గుండ్రంగా తిరగబడింది. మా అమ్మాయి వీడియో తీసింది.

మొన్న ఆదివారం మళ్ళీ ముడసర్లోవ వెళ్ళాం. నా చేతికి ఇంకా పట్టీ ఉంది, అందుకని ఫోన్ తియ్యలేదు. ఊరికే కూర్చున్నాను. ఆయన చాలా బంతులు ఎప్పటిలాగే చెట్లలోకి పంపారు. ఒక్కటి మాత్రం వేరేలా తగిలింది. చప్పుడే వేరు. ఎండు కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగిలినట్టు. బంతి ముందు, గడ్డి తర్వాత. బంతి లేచి, కొండల మీదుగా కనిపించి, తిన్నగా వెళ్ళి పడింది. "తీశావా?" అని గబుక్కున వెనక్కి తిరిగారు. నా చెయ్యి చూసి నాలిక్కరుచుకున్నారు. "తియ్యలేదు, చూశాను" అన్నాను.

వచ్చే నెల అమ్మాయి వెళ్ళిపోతుంది. నొప్పి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. చెక్క గరిటె మాత్రం వంటింట్లోకి వచ్చేసింది. ఆయనకి గుచ్చుకోవడానికి మా అమ్మాయి చిన్నప్పటి స్కేలు దొరికింది.

మీలో ఎవరికైనా బొటనవేలి మొదట్లో ఇలా నొప్పి ఉంటే పసుపు పట్టు వేసుకుని ఊరుకోకండి, డాక్టరుకి చూపించుకోండి. అంతకన్నా ముందు ఇంట్లో చెప్పండి. వాళ్ళు చూస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చోకండి. నేను కూర్చున్నాను, రెండు నెలలు.